కారు దించాక బంప్ స్టాప్ ఎంత ఉండాలి? గోదారి రోడ్లకి సరిపడే కొలత, లెక్క

ముందు నా తెలివితక్కువ పని చెప్పేస్తా. నాలుగేళ్ల కిందట నా హ్యాచ్‌బ్యాక్‌ని 35 మి.మీ. కిందికి దించాను. స్ప్రింగులు మార్చిన షెడ్డులో కుర్రాడు "ఎంత దించితే బంప్ స్టాప్ అంత కోసెయ్యాలన్నా, అందరం అలాగే చేస్తాం" అన్నాడు, నేను ఊ అన్నాను, బ్లేడు పెట్టి కోసేశాడు. రెండు నెలలు బండి బాగానే ఉంది, పాలకొల్లు సెంటర్లో ఆపితే నలుగురు చూసేవాళ్లు కూడా. తర్వాత ఒక రాత్రి నరసాపురం నుంచి కాలవ పక్క రోడ్డులో వస్తుంటే కల్వర్టు దగ్గర ముందు ఎడమ వైపు నుంచి 'టంగ్'మని ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వచ్చింది. వారం తిరక్కుండా ఆ షాకబ్సర్ నుంచి ఆయిల్ కారింది. విప్పి చూస్తే లోపల అడుగు వాల్వు పగిలి ఉంది. 

ఎంత దించితే అంత కొయ్యి అనే లెక్క ఎందుకు తప్పో, దాని బదులు ఏం కొలవాలో, ఏ అంకె చూసి కొనాలో, ఎప్పుడు "ఇంత దించకూడదు" అని వెనక్కి తగ్గాలో ఇక్కడ రాస్తున్నా. పని ఒక ఆదివారం పడుతుంది, తోడు ఒక మనిషి ఉండాలి.

బంప్ స్టాప్ చేసే పని

షాకబ్సర్ రాడ్డుకి పైన, టాప్ మౌంటు (రాడ్డు పై కొనని బాడీకి పట్టి ఉంచే భాగం) కింద, నురుగు రబ్బరు గొట్టంలా ఒకటి తొడిగి ఉంటుంది చూడండి, పసుపు రంగో నలుపు రంగో, ముడతలు ముడతలుగా, అదే. కొన్ని కార్లలో వెనక వైపు ఇది షాకబ్సర్ మీద కాకుండా కాయిల్ స్ప్రింగు మధ్యలో బాడీకి బిగించి ఉంటుంది.

చాలామంది దీన్ని అవసరానికి మాత్రమే తగిలే అడ్డు రబ్బరు అనుకుంటారు. పాతకాలం గట్టి రబ్బరు ముక్కల విషయంలో అది కొంతవరకు నిజమే. ఇప్పటి కార్లలో వచ్చేది ఎక్కువగా మైక్రోసెల్యులార్ పాలీయూరిథేన్, అంటే సన్నటి గాలి బుడగలు నిండిన నురుగు. సెల్లాస్టో అని వినే ఉంటారు, అది ఈ పదార్థానికి బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ పెట్టుకున్న పేరు. దీని గొప్పతనం ఏమిటంటే మొదట్లో మెత్తగా లొంగుతుంది, నలిగేకొద్దీ గట్టిపడుతుంది, చివరికి దాదాపు మూడో వంతు పొడవుకి వచ్చి రాయిలా ఆగిపోతుంది. మామూలు గట్టి రబ్బరు అంత నలగదు, సగం దాకా వెళ్లేలోపే మొండికేస్తుంది.

నా పాతది తీసి డ్రిల్లింగ్ మిషన్ కింద బాత్రూం తూకం మిషన్ పెట్టి నొక్కి చూశా. మొత్తం పొడవు 62 మి.మీ. 10 మి.మీ. నలగడానికి 15 కిలోలు, 20 నలగడానికి 40, 30 దగ్గర 110 దాటింది. ఆ పైన తూకం మిషన్ పోతుందేమోనని ఆపి, బేరింగులు నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి మిగతాది చూశా: 38 దగ్గర 300 కిలోలు. 41 దాటాక ఇక కదల్లేదు, మిగిలింది 21 మి.మీ. అంటే ఇది అచ్చంగా ఒక స్ప్రింగు, అసలు స్ప్రింగుకి తోడుగా పనిచేసే రెండో స్ప్రింగు. కంపెనీ వాళ్లు కారు ఊగే తీరు, మలుపులో వాలే తీరు, ఐదుగురు ఎక్కితే కూర్చునే తీరు అన్నీ దీన్ని కలుపుకునే లెక్క వేస్తారు.

ఇక్కడ రెండు పొడవులు ఉన్నాయి. ఊరికే ఉన్నప్పటి పొడవు, పూర్తిగా నలిగినప్పటి పొడవు. మొదటిది కారు ఎప్పుడు గట్టిపడాలో చెబుతుంది, రెండోది కారు ఎక్కడ ఆగాలో చెబుతుంది. కత్తితో కోస్తే రెండూ తగ్గుతాయి. మనకి తగ్గాల్సింది మొదటిదే, రెండోది అస్సలు తగ్గకూడదు. నా షాకబ్సర్ పోయింది ఈ ఒక్క ముక్క తెలియకే.

మన రోడ్ల సంగతి

ఇవే స్ప్రింగులు వేసుకుని హైదరాబాద్ అవుటర్ మీద తిరిగేవాడికి ఈ గొడవంతా అవసరం లేకపోవచ్చు. మనది డెల్టా. కింద ఉన్నది ఒండ్రు మట్టి, నల్లమట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి బిగుసుకుంటుంది, దాని మీద రోడ్డు అలల్లా లేస్తుంది. ప్రతి అర కిలోమీటరుకీ ఒక తూమో కల్వర్టో లాకు వంతెనో ఉంటుంది. కాంక్రీటు కట్టడం కదలదు, దానికి ఆనుకున్న మట్టి రోడ్డు మాత్రం ఏడాదికేడాది కిందికి దిగుతుంది, అందుకే ప్రతి కల్వర్టుకీ ముందొక మెట్టు, వెనకొక మెట్టు. పైగా చేపల లారీలు, ధాన్యం లారీలు తొక్కిన గాడులు, దమ్ము చక్రాలతో రోడ్డెక్కిన ట్రాక్టర్లు చేసిన గాట్లు.

స్పీడ్ బ్రేకర్ల కథ వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి, గంటకి 25 కి.మీ. వేగంతో హాయిగా దాటేలా. మా వీధి చివర ఉన్నది ఎత్తులో నియమానికి ఏమాత్రం తీసిపోదు, వెడల్పు మాత్రం ఒక జానెడు ఎక్కువ తక్కువగా మూరెడు.

కల్వర్టు మెట్టు దిగినప్పుడు చక్రాలు రెండూ ఒకేసారి పైకి లేస్తాయి, కాబట్టి యాంటీ రోల్ బార్ (మలుపులో కారు వాలకుండా రెండు పక్కల చక్రాలని కలిపే కడ్డీ) సాయం ఉండదు, భారమంతా స్ప్రింగు, షాకబ్సర్, బంప్ స్టాప్ మీదే. అలల రోడ్డు మీద ఒక అల నుంచి తేరుకునేలోపు రెండోది వస్తుంది. అందుకే మనకి రబ్బరు తాకే ముందు కొంచెం ఖాళీ కూడా కావాలి, తాకాక మెత్తగా ఆపడమూ కావాలి. కారు ఎంత కిందికి పోతే ఈ రెండూ ఒకదాన్నొకటి అంత తినేస్తాయి.

సామాను

కారు జాకీ ఒకటి చాలదు. హైడ్రాలిక్ జాకీ, బాడీ కింద పెట్టడానికి రెండు జాక్ స్టాండ్లు, స్ప్రింగు కంప్రెసర్, టార్క్ రెంచ్, వెర్నియర్ కాలిపర్, స్టీలు టేపు, ప్లాస్టిక్ జిప్ టైలు, సుద్దముక్క. స్టాండ్లని గట్టి నేల మీదే పెట్టండి. కొబ్బరి తోటలో నీడ బాగుందని మట్టి మీద పెడితే ఒక మూల దిగిపోతుంది. ఇటుకలు, కొబ్బరి దుంగలు స్టాండ్లు కావు. స్ప్రింగు కంప్రెసర్ వాడిన అలవాటు లేకపోతే ఆ ఒక్క పని మెకానిక్ దగ్గర చేయించుకోండి. నొక్కిపట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు, ఇందులో వెటకారం లేదు.

టాప్ మౌంటు నట్టు విప్పేటప్పుడు రాడ్డుని కటింగ్ ప్లేయరుతో పట్టుకునేవాళ్లని చూశా. ఆ మెరిసే రాడ్డు మీద ఒక్క గీత పడితే చాలు, సీలు పోయి ఆయిల్ కారుతుంది. రాడ్డు చివర ఆలెన్ కీకి చోటు ఉంటుంది, దాంతో పట్టుకోవాలి. నట్టు మళ్లీ బిగించేటప్పుడు కొత్తదే వెయ్యండి.

మొదటి కొలత: నిలబడ్డప్పుడు కనిపించే రాడ్డు

దీనికి ఇంగ్లీషు పేర్లు చాలా ఉన్నాయి గానీ మనం 'కనిపించే రాడ్డు' అనుకుందాం. షాకబ్సర్ గొట్టం పై అంచు నుంచి, పైన బంప్ స్టాప్ ఆనే చోటు వరకు ఉన్న దూరం. కింది లెక్కలన్నీ ఈ ఒక్క దూరంతోనే.

అర ట్యాంకు పెట్రోలు ఉంచి, టైర్లలో గాలి సరిచూసి, కారుని చదునైన చోట నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి ఆపండి. డ్రైవరు సీట్లో మీ బరువుకి సరిపడా బియ్యం బస్తాలు పెట్టండి, 25 కిలోల బస్తాలు మూడు పెడితే నా బరువు. ఒట్టి కారు కొలతలతో పని లేదు, ఒట్టి కారు ఎక్కడికీ పోదు కదా. అప్పుడు స్టీరింగు ఒక పక్కకి తిప్పి, టార్చి వేసి, రాడ్డుని కప్పి ఉండే దుమ్ము బూటు పైకి జరిపి కొలవండి. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. పక్కనే చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కూడా రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి మారుతుంది, అందుకే చక్రం మధ్య నుంచి. వీలైతే ఇదంతా కారు దించకముందే, కంపెనీ స్ప్రింగులతో ఉన్నప్పుడే చెయ్యండి. ఆ కొలత ఎంత పనికొస్తుందో కాసేపట్లో చూస్తారు.

నా కారు ముందు వైపు, కంపెనీ ఎత్తులో: కనిపించే రాడ్డు 92, బంప్ స్టాప్ 62, మధ్య ఖాళీ 30 మి.మీ.

35 దించాక: రాడ్డు 58. స్టాప్ 62. అంటే కోయకుండా ఉంచితే కారు నిలబడి ఉండగానే 4 మి.మీ. నలిగి రబ్బరు మీద కూర్చున్నట్టు. ఆ కుర్రాడు కోయమన్నది ఊరికే కాదు. ఖాళీ లేదని అతను పట్టుకున్నాడు, ఆగే చోటు ఎక్కడో ఇద్దరం చూసుకోలేదు, అంతే.

రెండో కొలత: దేనికి దేనికి ముందు తగులుతుంది

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే.

కారుని స్టాండ్ల మీద ఎత్తి, ఆ పక్క స్ట్రట్, అంటే షాకబ్సరూ స్ప్రింగూ కలిసి ఉన్న భాగం, బయటికి తీయండి. స్ప్రింగు తీసేయండి, బంప్ స్టాపూ తీసేయండి. టాప్ మౌంటు, ఒట్టి షాకబ్సర్ మాత్రం కలిపి మళ్లీ కారుకి బిగించండి. యాంటీ రోల్ బార్ లింకులు రెండు పక్కలా విప్పండి, లేకపోతే అవతలి చక్రం దీన్ని లాగుతుంది. బ్రేకు పైపు, ఏ.బి.ఎస్. వైరు లాక్కుపోకుండా చూసుకోండి. చక్రం బిగించండి, కారుకి వేసే అసలు చక్రం, అసలు టైరు. వెడల్పు అల్లాయిలు వేసే ఆలోచన ఉంటే వాటితోనే.

ఇప్పుడు చక్రం దగ్గర, దాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా పైకి లేపండి. స్ప్రింగు లేదు కాబట్టి తేలిగ్గా లేస్తుంది. కొంచెం లేపడం, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పడం, మళ్లీ కొంచెం లేపడం. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి తగులుతుంది. టైరు వెళ్లి మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరుకి తగలొచ్చు, ఆర్మ్ ఫ్రేముకి తగలొచ్చు, డ్రైవ్ షాఫ్టు పక్కన దేనికో రాసుకోవచ్చు, లేదా షాకబ్సరే అడుక్కి పోవచ్చు. బలవంతంగా నొక్కొద్దు, అంటీ అంటనట్టు ఉన్న చోట ఆపి కనిపించే రాడ్డు కొలవండి.

నా కారులో టైరు లైనరుకి తగిలినప్పుడు రాడ్డు 17 మి.మీ. మిగిలింది. స్ట్రట్ బయట ఉన్నప్పుడే చేత్తో పూర్తిగా లోపలికి నొక్కి చూస్తే షాకబ్సర్ అడుక్కి పోయేది 12 దగ్గర. ఈ రెంటిలో పెద్దది తీసుకోవాలి, అంటే 17. దానికి 5 మి.మీ. కలపాలి, ఎందుకంటే గట్టి దెబ్బ తగిలినప్పుడు టాప్ మౌంటు రబ్బరు నలుగుతుంది, బుష్‌లు వంగుతాయి, స్టాండ్ల మీద తీరిగ్గా కొలిచిన కొలత రోడ్డు మీద ఉండదు. మొత్తం 22.

బంప్ స్టాప్ పూర్తిగా నలిగినా 22 మి.మీ. కంటే తక్కువకి పోకూడదు. కారు ఎంత దించినా, ఏ స్ప్రింగు వేసినా, అదే చక్రాలు అదే షాకబ్సరు ఉన్నంతవరకు ఈ అంకె మారదు.

కంపెనీ స్టాప్ నలిగితే 21. కంపెనీ వాళ్ల కొలతకీ నా కొలతకీ ఒక్క మి.మీ. తేడా వచ్చిందంటే కొలవడం సరిగ్గానే జరిగిందన్నమాట. ఇక కుర్రాడు కోసింది 35, మిగిలింది 27, నలిగితే 9. షాకబ్సర్ 12 దగ్గరే అడుక్కి పోతుంది కదా. బంప్ స్టాప్ ఉన్నట్టే ఉంది, ఇనుమూ ఇనుమూ మాత్రం కొట్టుకున్నాయి.

మూడో కొలత: చక్రం ఎంత కదిలితే రాడ్డు ఎంత కదులుతుంది

ముందు స్ట్రట్ ఉన్న కార్లలో చక్రం 10 మి.మీ. లేస్తే రాడ్డు కూడా దాదాపు అంతే కదులుతుంది, తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. వెనక మాత్రం షాకబ్సర్ వాలుగా ఉండొచ్చు, స్టాప్ చక్రానికి దూరంగా ఉండొచ్చు. చక్రాన్ని 50 మి.మీ. లేపి స్టాప్ దగ్గర ఎంత కదిలిందో చూడండి. 40 కదిలితే, స్టాప్ దగ్గర 8 మి.మీ. ఖాళీ అంటే చక్రం దగ్గర 10 అని అర్థం. వెనక లెక్కలన్నీ దీంతో సరిచేసుకోవాలి.

ఇక లెక్క

35 దించినప్పుడు రాడ్డు 58, ఆగాల్సింది 22 దగ్గర. చక్రానికి పైకి కదలడానికి మిగిలిన దూరం మొత్తం 36 మి.మీ. కంపెనీ ఎత్తులో ఇది 70. సగానికి సగం పోయింది.

ఆ 36లో కొంత ఖాళీగా వదలాలి, మిగతాది రబ్బరు నలగడానికి ఇవ్వాలి. 40 మి.మీ. పొడవు స్టాప్ తీసుకున్నామనుకోండి, నలిగితే 13. మనకి 22 కావాలి, కాబట్టి పైన 9 మి.మీ. ప్యాకింగ్ బిళ్ల వెయ్యాలి. రెండూ కలిపి పొడవు 49, నలిగితే 22. రాడ్డు 58 నుంచి 49 తీస్తే ఖాళీ 9 మి.మీ.

9 మి.మీ. చాలా? కంపెనీ స్ప్రింగు మి.మీ.కి 2.2 కిలోలది, అంటే ఒక మి.మీ. నలగడానికి 2.2 కిలోలు పడాలి. 9 ఇంటూ 2.2 అంటే 20 కిలోలు. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుంటే ఈ ఖాళీ చాలావరకు అయిపోతుంది, మిగిలింది మొదటి గతుకు తినేస్తుంది. ఇక ప్రయాణమంతా రబ్బరు మీదే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ముక్కు దబ్బుమంటుంది. మలుపులో బయటి చక్రం రబ్బరుకి తగలగానే ఆ మూల ఒక్కసారిగా గట్టిపడి టైరు పట్టు వదిలేస్తుంది. ముందు చక్రం అయితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, వెనక చక్రం అయితే తోక తిరుగుతుంది. కాలవ గట్టు మీద మలుపులో ఈ రెండూ ఒకటే, రెంటికీ చివర్న నీళ్లే.

ఖాళీని మి.మీ.లలో కాకుండా కిలోలలో చూడమని నా సలహా. కంపెనీ ఎత్తులో ఖాళీ 30, స్ప్రింగు 2.2, అంటే రబ్బరు తాకడానికి అదనంగా 66 కిలోలు పడాలి. మనం ఏం మార్చినా ఆ 66 దగ్గరలో ఉంటే కారు తన మామూలు స్వభావం మర్చిపోదు.

అది ఎలా వస్తుందో చూడండి. దించడం 35 నుంచి 20కి తగ్గించా. రాడ్డు 72. అదే 40 స్టాపు, అదే 9 బిళ్ల, కలిపి 49, ఖాళీ 23. స్ప్రింగు కొంచెం గట్టిది, మి.మీ.కి 2.8 కిలోలది వేశా. 23 ఇంటూ 2.8 అంటే 64 కిలోలు. ఆగేది మళ్లీ 22 దగ్గరే. కదలడానికి మొత్తం 50 మి.మీ. ఉంది. 15 మి.మీ. ఎత్తు వదులుకోవాల్సి వచ్చింది, మా తమ్ముడైతే "దించావా అసలు" అన్నాడు. అననివ్వండి.

ఒక మెలిక ఉంది. పొట్టి స్టాపు పొడుగుదాని కంటే తొందరగా గట్టిపడుతుంది. 62ది ఆగేలోపు 41 మి.మీ. నలుగుతుంది, 40ది 27 మాత్రమే. దెబ్బలో ఉన్న బలాన్ని మింగడానికి దానికి దూరం తక్కువ. అందుకే కంపెనీ మెత్తటి స్ప్రింగులనే కట్ చేసి దించడం, ఆ పైన స్టాపూ కోయడం, రెండూ కలిపి చేస్తే అంతకంటే చెడ్డ పని లేదు. దించితే స్ప్రింగు గట్టిపడాలి, స్ప్రింగు గట్టిపడితే దానికి తగ్గ షాకబ్సరు పడాలి. కంపెనీ షాకబ్సరు 2.8ని ఏదోలా పట్టుకుంటుంది, అంతకంటే గట్టి స్ప్రింగులైతే కారు ఊగుతూనే ఉంటుంది.

పొట్టి గొట్టం ఉన్న షాకబ్సర్లు కొంటే సరిపోతుందిగా అని అడుగుతారు. షాకబ్సరే ముందు అడుక్కి పోతుంటే సరిపోతుంది. నాలా టైరు ముందు తగులుతుంటే ఎంత పొట్టిది వేసినా ఆ 17 కదలదు. రెండో కొలత ముందు చెయ్యమన్నది ఇందుకే, వేలకి వేలు పోశాక తెలిస్తే ఏం లాభం?

వెనక వైపు, సంక్రాంతి పరీక్ష

వెనక లెక్క ఒట్టి కారుతో వేస్తే మోసపోతారు. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు, కొబ్బరికాయలు. పండక్కి అత్తారింటి నుంచి తిరిగొచ్చే ఏ కారైనా ఇంతే. వెనక ఒక్కో చక్రం మీద దాదాపు 110 కిలోలు అదనం అనుకోండి. స్ప్రింగు మి.మీ.కి 2.5 కిలోలది అయితే, రబ్బరు అడ్డం లేకపోతే కారు 44 మి.మీ. దిగాలి.

కంపెనీ ఎత్తులో వెనక ఖాళీ 50, రబ్బరు నలిగేది 45, మొత్తం 95 అనుకుందాం. 20 దించితే ఖాళీ 30. బరువు వేయగానే ఆ 30 అయిపోయి రబ్బరు ఓ 9 మి.మీ. నలుగుతుంది, కదలడానికి ఇంకా 36 మిగులుతుంది. పర్లేదు. 35 దించితే ఖాళీ 15, రబ్బరు 17 మి.మీ. దాకా నలిగిపోయి కూర్చుంటుంది, మిగిలేది 28. అది కూడా గట్టిపడిపోయిన రబ్బరు. వెనక కూర్చున్న అత్తగారి నడుము సంగతి మీరే ఆలోచించుకోండి.

లెక్క మీద నమ్మకం లేకపోతే నిజంగానే బస్తాలు వేసి కొలవండి. వెనక సీట్లో 25 కిలోల బస్తాలు ఎనిమిది, డిక్కీలో రెండు, ఖాళీ ఎంత మిగిలిందో చూడండి. నా వరకు నేను పెట్టుకున్న గీత ఇది: పూర్తి బరువుతో నిలబడ్డప్పుడు రబ్బరు తాకొచ్చు, కానీ అది నలగగలిగే దూరంలో మూడో వంతు దాటకూడదు. దాటితే ఆ కారుని అంత దించకూడదు. వెనక స్టాప్ కోస్తే ఈ ఇబ్బంది పోయినట్టు అనిపిస్తుంది, కానీ అప్పుడు యాక్సిల్ బీము వెళ్లి బాడీకి కొడుతుంది.

కొనడం, కోయడం, బిళ్ల వేయించడం

సరైన పొడవు దొరికితే కొనడమే మేలు. పొడవు ఒక్కటే చూడకండి, లోపలి రంధ్రం మీ రాడ్డుకి సరిపోవాలి. రాడ్డు కంటే బాగా వదులుగా ఉంటే స్టాపు పక్కకి ఒరిగి మడతపడుతుంది, బిగుతుగా ఉంటే రాడ్డుని పట్టుకుని నలగదు. బయటి వెడల్పు టాప్ మౌంటు గిన్నెలో కూర్చోవాలి, నలిగినప్పుడు ఉబ్బి పక్కన స్ప్రింగుకి రాసుకోకూడదు.

కోయక తప్పకపోతే, సన్నగా ఉన్న కింది కొనని ముట్టుకోకండి. మొదటి స్పర్శ మెత్తగా ఉండేది దాని వల్లే. లావుగా ఉన్న పై భాగం వైపు నుంచి, ముడత గాడి దగ్గర, కొత్త బ్లేడుకి సబ్బునీళ్లు రాసి నిటారుగా కోయండి. పై భాగంలో పట్టుకునే అంచు ఉండి అది మౌంటులో ఇరుక్కునే రకమైతే కోయకుండా వేరేది కొనండి. అతికించడాలు వద్దు.

ప్యాకింగ్ బిళ్ల కోసం పెద్ద ఊళ్లకి పోనక్కర్లేదు. మన దగ్గర రొయ్యల చెరువుల ఏరియేటర్లకి, వరికోత మిషన్లకి పనిచేసే లేతు షెడ్లు ఊరూరా ఉన్నాయి. గట్టి నైలాన్ రాడ్డు ముక్క తీసుకెళ్లి, లోపలి రంధ్రం రాడ్డు కంటే ఒక మి.మీ. ఎక్కువ, బయటి వెడల్పు స్టాపు పై భాగమంత, మందం 9 అని చెబితే అరగంటలో చేసిస్తారు. అంచులు గుండ్రంగా తీయమనండి. బిళ్ల పైన మౌంటుకి ఆనాలి, దాని కింద స్టాపు. తలకిందులు చేస్తే బిళ్ల షాకబ్సర్ సీలు మీద కొడుతుంది.

బిగించేటప్పుడు కొత్త దుమ్ము బూటు వెయ్యండి. మన బురదలో బూటు లేని రాడ్డు ఒక వానాకాలం కూడా నిలవదు. ఆర్మ్ బుష్‌ల బోల్టులు చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే ఇవ్వాలి, గాల్లో బిగిస్తే బుష్ మెలితిరిగి ఉండిపోతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు తన గిన్నెలో వదులుగా తిరుగుతోందేమో చూడండి. తర్వాత అలైన్‌మెంటు తప్పనిసరి.

రోడ్డు మీద చూసుకోవడం

రాడ్డుకి జిప్ టై ఒకటి మరీ బిగించకుండా కట్టి, షాకబ్సర్ గొట్టం మీదికి జరిపి ఉంచండి. కారు నలిగేకొద్దీ గొట్టం దాన్ని పైకి తోస్తుంది, తిరిగొచ్చాక అది అక్కడే ఉండిపోతుంది. స్టాపు దాకా పోయిందంటే తాకినట్టు. స్టాపు లోపల ఎంత నలిగిందో మాత్రం జిప్ టై సరిగ్గా చెప్పదు, రబ్బరు తిరిగి సాగేటప్పుడు దాన్ని కిందికి తోసేస్తుంది. దానికి ఇంకో ఉపాయం: చపాతీ పిండి ముద్ద ఒకటి పలచటి కవరులో చుట్టి, టైరుకి సరిగ్గా పైన లైనరుకి టేపుతో అంటించండి. తిరిగొచ్చాక ముద్ద ఎంత మందంగా మిగిలిందో అదే టైరుకీ లైనరుకీ మధ్య మిగిలిన జాగా. మా ఇంట్లో దీనికి బాగా తిట్లు పడ్డాయి గానీ కొలత బాగా వచ్చింది: 6 మి.మీ.

నేను మూడు రకాల రోడ్డు తిరిగా. రావులపాలెం నుంచి తణుకు వరకు 16వ నంబరు జాతీయ రహదారి, వంతెన అతుకుల కోసం. పాలకొల్లు చుట్టుపక్కల కాలవ గట్లు, అలల కోసం. దిగబడిన కల్వర్టులు నాలుగు, మొదట 20 వేగంతో, తర్వాత 40తో. ఒక్కడినే ఒకసారి, బస్తాలతో ఇంకోసారి.

చెవి కూడా కొలతే. 'దబ్' అని మెత్తగా వస్తే స్టాపు పనిచేస్తోంది, కంగారు లేదు. 'టంగ్' వస్తే ఇనుము తగిలింది, కారు అక్కడే ఆపి ఇంటికి మెల్లగా రండి, బిళ్ల మందం పెంచాలి. చిన్న గతుక్కి కూడా కారు బంతిలా ఎగురుతుంటే ఖాళీ చాలదు, ఎత్తు పెంచాలి. అలల రోడ్డు మీద మూడో అలకి ముక్కు ఎక్కువ దిగుతుంటే అది షాకబ్సర్ బలహీనత, స్టాపుని తిట్టకండి.

మిగిలినవి

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. ఇవి తెలుసుకునే దిగండి.

వేడి, తేమ కలిసిన చోట పాలీయూరిథేన్ నురుగు మెల్లగా కుళ్లుతుంది. మన దగ్గర ఆ రెంటికీ కొదవ లేదు, అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే ఉప్పుగాలి రాడ్డుని కూడా వదలదు. ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక, బూటు పైకి జరిపి స్టాపుని వేళ్లతో నలపండి. వెంటనే తిరిగొస్తే బాగుంది. ఎండిన రొట్టెలా పొడి రాలితే మార్చెయ్యాలి. సెకండ్ హ్యాండ్ కారు కొని దించేవాళ్లు ముందు ఇదే చూడాలి, కొన్నిటికి బూటు లోపల స్టాపు ఉండదు, పసుపు పొడి మాత్రమే ఉంటుంది.

నా బండికి పోయిన సంక్రాంతికి కట్టిన జిప్ టైలు ఇంకా విప్పలేదు. ముందువి రెండూ స్టాపుకి నాలుగు మి.మీ. కింద ఆగి ఉన్నాయి, వెనక కుడిది తాకింది. ఆ పక్కే పూతరేకుల డబ్బాలు, వాటి మీద మా బావమరిది.